సంఖ్య చిన్నదైతే ప్రశ్న చిన్నదవుతుందా?

దూది ఏకే విల్లును చూసిన తరం మన మధ్య ఇంకా ఉంది. పొడవాటి కర్ర, దానికి బిగించిన నారి, నారి మీద చెక్కతో కొట్టగానే గదంతా నిండే మోత, ఆ అదురుకు విడివడి గాలిలోకి లేచే దూది పింజలు. ఎనిమిదో తరగతిలో ధ్వని పాఠం చెప్పేది దీని గురించే. కంపించే వస్తువు నుంచి ధ్వని పుడుతుంది. తీగను బిగించేకొద్దీ ధ్వని స్థాయి పెరుగుతుంది. తాత చేతిలో ఆ విల్లును చూసి పెరిగిన దూదేకుల కుటుంబపు పిల్లవాడికి ఈ సంగతి పాఠం మొదలవక ముందే తెలుసు. కాని తనకు తెలుసునన్న సంగతి వాడికి తెలియదు. బడిలో పాఠం శృతిదండంతో మొదలై నిర్వచనంతో ముగుస్తుంది. ఇంటి విద్యకూ బడి విద్యకూ మధ్య వంతెన వేసేవారు లేక, ఆ పిల్లవాడు విజ్ఞానశాస్త్రం తనలాంటి వాళ్లది కాదనుకుంటాడు. పదో తరగతి గట్టెక్కాక ఎంపీసీ, బైపీసీల వైపు తల తిప్పి చూడడు.

ఎందుకు చూడడు? తెలివి లేకనా, డబ్బు లేకనా, భాష రాకనా, ఉపాధ్యాయుడు పట్టించుకోకనా, ఇంట్లో చెప్పేవారు లేకనా? ఈ ప్రశ్నకు ఉపన్యాసాలలో చాలా జవాబులు దొరుకుతాయి. కాని నెలల తరబడి తరగతి గది వెనుక బెంచీలో కూర్చుని, పిల్లలు ఏ మాట దగ్గర ఆగిపోతున్నారో రాసుకుని, ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడి, లెక్క కట్టి చెప్పే జవాబు వేరు. దానినే పరిశోధన అంటారు. ప్రాతినిధ్యం కొరవడిన సమాజాల పిల్లలు విజ్ఞానశాస్త్రాన్ని ఎలా నేర్చుకుంటారు, ఎక్కడ జారిపోతారు అన్నది ప్రపంచమంతటా డాక్టరేట్ స్థాయిలో అధ్యయనం చేస్తున్న విషయం. ఆ అధ్యయనం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఎవరు చేయాలి, దేని ఆసరాతో చేయాలి అన్నదే ఈ నెల మన ముందున్న ప్రశ్న.

ఈ నేలతో మన సంబంధం నిన్న మొన్నటిది కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో చికాకోల్ ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదును 1641లో కట్టించారు. ఉత్తర సర్కారులు ఐదింటిలో ఒకటి ఈ పట్టణం పేరుతోనే సాగింది. విజయనగరంలో ఖాదర్ వలీ బాబా దర్గాకు ఉర్సు రోజులలో వచ్చేవారిలో మతభేదం వెతికితే కనబడదు. అయినా నేటి లెక్కలు చూడండి. 2011 జనగణనలో శ్రీకాకుళం జనాభా 27 లక్షలు, విజయనగరం జనాభా 23 లక్షలు దాటింది. రెండు జిల్లాలలోనూ ముస్లింలు ఒక శాతానికి లోపే. అదే జనగణన ప్రకారం విజయనగరం అక్షరాస్యత 58.89 శాతం, శ్రీకాకుళం అక్షరాస్యత 61.74 శాతం. నేటి ఆంధ్రప్రదేశ్‌లోని నాటి పదమూడు జిల్లాలలో అట్టడుగున నిలిచింది విజయనగరమే.

వెనుకబడిన జిల్లాలో అతి చిన్న సమూహంగా ఉండటం అంటే ఏమిటో పరిశోధన భాషలో చెప్పుకుందాం. ఈ రెండు జిల్లాల బడుల నుంచి వెయ్యిమంది పిల్లలను ఎంపిక చేసి ఒక సర్వే జరిపితే, అందులో ముస్లిం పిల్లలు పదిమంది కూడా ఉండరు. పదిమంది మార్కులను సగటు కట్టి ఏ గణాంక శాస్త్రవేత్తా ఒక నిర్ధారణకు రాడు. అందుచేత వారిని ‘ఇతరులు’ అనే గడిలో వేస్తారు. ముస్లింల చదువు గురించి పరిశోధించేవారు హైదరాబాదు పాతబస్తీకో, కర్నూలుకో, గుంటూరుకో వెళతారు. ఉత్తరాంధ్ర వెనుకబాటు గురించి పరిశోధించేవారు ఏజెన్సీకి వెళతారు. రెండూ అవసరమే. కాని ఆ రెండు దారుల మధ్య శ్రీకాకుళం పట్టణపు ముస్లిం పిల్ల ఏ సిద్ధాంత గ్రంథంలోనూ చోటు దక్కించుకోలేక మిగిలిపోతుంది. ఈ గతి మనకు మాత్రమే పట్టిందని అనుకోనక్కరలేదు. రెల్లి కుటుంబాల పిల్లలది, తీరం వెంట వేటకు వెళ్లే మత్స్యకారుల పిల్లలది, కొండల మీది చిన్న చిన్న తెగల పిల్లలది కూడా చాలావరకు ఇదే కథ. వారి పక్షాన అడగకుండా మన పక్షాన మాత్రమే అడిగితే మన ప్రశ్నకు బలం ఉండదు.

పరిశోధనతో కడుపు నిండుతుందా అని అడిగేవారికి ఈ జిల్లా చరిత్రే సమాధానం చెబుతుంది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవరల భాష నేర్చుకున్నారు. వారి భాషలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆయన పుట్టిన రోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న మనం ఒక్క సంగతి మరచిపోతున్నాం. సవర పిల్లవాడు చదువులో వెనుకబడటానికి కారణం వాడి బుర్ర కాదు, వాడికి రాని భాషలో చెప్పే పాఠం అని గిడుగు గుర్తించారు. విశ్వవిద్యాలయ పట్టా కోసం చేయకపోయినా, అది ప్రాతినిధ్యం లేని సమాజపు విద్య మీద ఈ గడ్డ మీద జరిగిన పరిశోధనే.

ఆ తరువాతి కాలంలో దేశంలో జరిగిన పని కూడా ఇదే దిశను చూపింది. 1974లో ముంబయిలో ఏర్పడిన హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం పరిశోధకులు పురపాలక బడుల్లో చదివే షెడ్యూల్డ్ కులాల పిల్లలతో కొన్నేళ్లు పనిచేశారు. పాఠ్యపుస్తకపు భాషను సులభం చేసి, ప్రయోగాలు చేయించి, పిల్లల చేత ప్రశ్నలు అడిగించినప్పుడు వారి ఫలితాలు మెరుగయ్యాయని గ్రంథస్థం చేశారు. మధ్యప్రదేశ్‌లో 1972లో పదహారు మాధ్యమిక బడులతో ఆరంభమైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం, పల్లెటూరి పిల్లలు తమ పొలం గట్టున దొరికే వస్తువులతోనే ప్రయోగాలు చేయగలరని మూడు దశాబ్దాలు నిరూపించింది. 2002లో ప్రభుత్వం దానిని మూసివేసింది. అమెరికాలోని అరిజోనాలో లూయీ మోల్, ఆయన సహచరులు మెక్సికన్ కుటుంబాల ఇళ్లకు ఉపాధ్యాయులను వెంటబెట్టుకుని వెళ్లారు. సేద్యం, ఇళ్ల నిర్మాణం, మందు మొక్కలు, వ్యాపారపు లెక్కలు వంటి ఎంతో జ్ఞానం ఆ ఇళ్లలో ఉందనీ, బడికి అది కనబడటం లేదనీ 1992లో రాశారు. దూది ఏకే విల్లు అలాంటి జ్ఞానమే. పొందూరు నేతపని కోసం వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరిచే చేతులది అలాంటి జ్ఞానమే. సముద్రపు రంగు చూసి, గాలివాలు చూసి తుపాను జాడ పసిగట్టే మత్స్యకారుడిది అలాంటి జ్ఞానమే.

ముస్లిం పిల్లల విషయంలో భాష ముడి మరింత చిక్కుగా ఉంటుంది. ఇంట్లో ఉర్దూ మాటలు కలిసిన తెలుగో, తెలుగు కలిసిన ఉర్దూనో మాట్లాడతారు. వీధిలో ఉత్తరాంధ్ర యాస. పుస్తకంలో గ్రాంథికపు పరిభాష. పరీక్షలో ఇంగ్లీషు. రాష్ట్రంలో ఒకే పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండేలా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మంచిదే. ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్న పదం ఒక పేజీలో అర్థం కానివాడికి ఎదుటి పేజీలోని ‘ఫొటోసింథసిస్’ ఏ మేరకు సాయపడుతుందో కనుక్కోవడం మిగిలిన పని. భాష అడ్డు కానవసరం లేదని మన చరిత్రకు తెలుసు. సర్ సయ్యద్ 1864లో గాజీపూర్‌లో శాస్త్రీయ సంఘం పెట్టి ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించారు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని, ఇంజనీరింగును సైతం ఉర్దూలో బోధించింది. దానికి ముందే అనువాద శాఖను ఏర్పాటు చేసుకుంది. భాషను ఎంచుకోవడానికి ముందు సన్నాహం చేయాలన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం. నేటి పిల్లలకు ఏ సన్నాహం కావాలో తెలియాలంటే మళ్లీ ఎవరో ఒకరు ఆ తరగతి గదిలో కూర్చోవాలి.

విజ్ఞానశాస్త్రం మార్కుల కోసమే అనుకునేవారు ఒకసారి ఉద్దానం వెళ్లి రావాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడి తోటల నడుమ మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా మనుషులను తీసుకుపోతోంది. మంచినీటి పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కాని జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. నీటిలోని లవణాలా, పురుగుమందులా, ఎండలో నీళ్లు తాగకుండా చేసే కాయకష్టమా, నొప్పి మాత్రలా, ఇవన్నీ కలిసా? శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతులలో, మధ్య అమెరికా చెరకు కూలీలలో ఇలాంటి వ్యాధే కనిపించి అక్కడా ఇవే ప్రశ్నలు రేగాయి. ఉద్దానపు బడిలో చదివే పిల్లకు మూత్రపిండం పాఠ్యపుస్తకంలోని బొమ్మ కాదు, డయాలసిస్‌కు వెళ్లి వచ్చే తండ్రి. ఆ పిల్ల అడగగల ప్రశ్నలు ఏ రాజధాని నగరపు పిల్లా అడగలేదు. ఆ ప్రశ్నలను పాఠంలోకి తీసుకురాగల బోధన ఉంటే, ఈ జబ్బు ఆచూకీ తీసే శాస్త్రవేత్త ఆ మండలాల నుంచే రావచ్చు. విజ్ఞానశాస్త్రంలో ప్రాతినిధ్యం కావాలని మనం అడగడంలో దయాధర్మం ఏమీ లేదు. ప్రశ్న అడిగేవారు మారితే శాస్త్రం చూపు కూడా మారుతుంది.

ఇక ఈ పని చేయవలసిన మనిషిని తలచుకుందాం. విజయనగరంలోనో, శ్రీకాకుళంలోనో ఒక సామాన్య ముస్లిం కుటుంబంలో పుట్టి, ఎమ్మెస్సీ, బీఈడీ చదివి, పీహెచ్‌డీలో చేరాలనుకునే ఒక అమ్మాయిని ఊహించండి. తల్లుల దగ్గర గంటల తరబడి కూర్చుని మాట్లాడగలిగేది ఆమెకే. బయటి పరిశోధకుడికి తెరవని తలుపు ఆమెకు తెరుచుకుంటుంది. తనవారే కదా అని కొన్ని లోపాలు ఆమె కంటికి ఆనకపోవచ్చు. ఆ జాగ్రత్త చెప్పడానికే మార్గదర్శకులు ఉంటారు. ఆమెకు కావలసినవి ఐదేళ్ల కాలం, బస్సు చార్జీలు, పుస్తకాలు, ఒక కంప్యూటరు, ‘ఇంకా ఎన్నాళ్లు చదువు’ అని అడిగే చుట్టాలకు చూపించడానికి నెల నెలా చేతికి వచ్చే కొంత సొమ్ము. ఆ సొమ్ము పేరే ఫెలోషిప్.

సచార్ కమిటీ నివేదిక 2006లో పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లలలో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని చెప్పింది. పేరున్న కళాశాలలలో డిగ్రీ విద్యార్థులు ఇరవై ఐదు మందిలో ఒకరు, పీజీ విద్యార్థులు యాభై మందిలో ఒకరు మాత్రమే ముస్లింలని తేల్చింది. ఆ నివేదిక వెలుగులో 2009లో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ పుట్టింది. ముస్లింలకే కాదు, గుర్తింపు పొందిన అల్పసంఖ్యాక వర్గాలన్నిటి పరిశోధక విద్యార్థులకూ అది ఉద్దేశించినది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం 2022–23 నుంచి దానిని నిలిపివేస్తున్నట్లు లోక్‌సభలో ప్రకటించింది. ఇతర పథకాలతో కలిసిపోతున్నందున అని కారణం చెప్పింది. అదే సమయంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాన్ని కూడా ఆపివేసింది. నిచ్చెన కింది మెట్టూ పై మెట్టూ ఒకే ఏడాది తీసేశారు.

‘కలిసిపోతున్నాయి’ అన్న వాదనను నిదానంగా పరిశీలిద్దాం. షెడ్యూల్డ్ కులాల ఫెలోషిప్ ముస్లింలకు వర్తించదు, ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ముస్లింలను ఆ జాబితా వెలుపలే ఉంచింది. ఇతర వెనుకబడిన తరగతుల ఫెలోషిప్ కేంద్ర జాబితాలో ఉన్నవారికే. మన రాష్ట్రంలో 2007 చట్టం ద్వారా బీసీ–ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది, న్యాయస్థానాలలో పోరాడుతూ 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడన నిలిచింది. కాని రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. ఏ జాబితాలోనూ లేని నిరుపేద ముస్లిం విద్యార్థికి మిగిలేది అందరితో పాటు పోటీపడే జేఆర్‌ఎఫ్ ఒక్కటే. రెండు పథకాలు ఒకరికే అందుతున్నాయన్న అనుమానం ఉంటే ఒక్కటే తీసుకోవాలని నిబంధన పెట్టవచ్చు. అసలు పథకాన్నే ఎత్తివేయడం ఆ అనుమానానికి మందు కాదు. ఉన్నత విద్య అఖిల భారత సర్వే ప్రకారం 2019–20లో 21 లక్షలున్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020–21లో 19.21 లక్షలకు పడిపోయింది. జనాభాలో పద్నాలుగు శాతం పైబడిన సమాజం ఉన్నత విద్యలో 4.6 శాతం. అలా పడిపోయిన దశలో ఆసరాను పెంచుతారు గాని తీసివేయరు.

ఫెలోషిప్ ఆగిపోవడం అంటే ఏమిటో తెలుగు నేల ఒకసారి చూసింది. గుంటూరు నుంచి వచ్చి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న దళిత విద్యార్థి రోహిత్ వేముల, కార్ల్ సాగన్‌లా విజ్ఞాన రచయిత కావాలని కలగన్నవాడు, 2016 జనవరి 17న మనకు దూరమయ్యాడు. ఏడు నెలలుగా తనకు రావలసిన ఫెలోషిప్ సొమ్మును తన కుటుంబానికి ఇప్పించాలని చివరి లేఖలో కోరాడు. ఆ విషాదానికి కారణాలు అనేకం, వాటన్నిటినీ ఒక్క బకాయిలో కుదించడం న్యాయం కాదు. అయినా పరిశోధక విద్యార్థికి నెల నెలా అందే సొమ్ము గౌరవంతో ఎంత ముడిపడి ఉంటుందో ఆ లేఖ చదివినవారు మరచిపోలేరు.

పాలకులను ప్రశ్నించినంత నిష్ఠగా మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. సభలలో ఇబ్న్ అల్ హైసమ్ కాంతి మీద చేసిన పరిశోధనను, అబ్దుల్ కలాం రాకెట్లను తలచుకుని గర్వపడతాం. సభ ముగిశాక పదో తరగతి పాసైన కూతురికి ‘కాలేజీ దూరం, సీఈసీ చాలు’ అంటాం. కొడుకు ఇంజనీరింగ్ సీటు కోసం అప్పు చేస్తాం, అదే కొడుకు పరిశోధన చేస్తానంటే ఉద్యోగం చూసుకోమంటాం. నాలుగు శాతం రిజర్వేషన్ వల్ల మన పిల్లలకు వృత్తి విద్యలో సీట్లు దక్కాయి. అది పోరాడి సాధించుకున్న మేలు, దాన్ని నిలుపుకోవాలి. కాని సీటుతోనే మన విజ్ఞాన చర్చ ముగిసిపోతోంది. మన పిల్లల చదువు మీద మన మధ్య నుంచే పరిశోధకులు తయారుకాకపోతే, మన గురించి ఎప్పుడూ ఇతరులే రాస్తారు. రాయకపోతే అడిగేందుకు ఆధారం కూడా ఉండదు.

కేంద్రం మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలి, పాత విద్యార్థులకు బకాయి లేకుండా నెల నెలా చెల్లించాలి. అప్పటివరకు చేతులు ముడుచుకోకుండా రాష్ట్ర ప్రభుత్వం తన మైనారిటీ సంక్షేమ నిధుల నుంచి పరిశోధక విద్యార్థులకు ఒక పథకం ఏర్పరచాలి. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కలిసి ఉత్తరాంధ్ర పిల్లల విజ్ఞాన విద్య మీద ఉమ్మడి పరిశోధన చేపట్టాలి. ఆ పరిశోధనలో చిన్న సమూహాలను ‘ఇతరులు’ గడిలో పడేయకుండా విడిగా చూడాలి. నమూనా చిన్నదైనప్పుడు సగటులు వదిలి ఒక్కొక్క బడినీ, ఒక్కొక్క ఇంటినీ లోతుగా అధ్యయనం చేసే పద్ధతులు ఉన్నాయి. వాటిని వాడాలి.

సమాజం చేయగలిగినవి వేరే ఉన్నాయి. మసీదు కమిటీలు, విద్యా సంఘాలు తమ పట్టణంలో పదో తరగతి తరువాత ఎందరు పిల్లలు సైన్స్ తీసుకున్నారు, ఎందరు మానుకున్నారు, ఎందుకు మానుకున్నారు అన్నది ఒక నోటు పుస్తకంలో ఏటా రాసి ఉంచాలి. ఈ రెండు జిల్లాలలో మన సంఖ్య చిన్నది కనుకనే ఆ పని ఒక వేసవి సెలవుల్లో పూర్తవుతుంది. పెద్ద జిల్లాలకు లేని సౌకర్యం అది. పరిశోధన చేయదలచిన ఒక్క విద్యార్థినికైనా ఇద్దరు ముగ్గురు స్థితిపరులు కలిసి ఐదేళ్ల బస్సు చార్జీలు భరించాలి. అలా రాసిన పుస్తకాలలోని వివరాలను ఈ పత్రికకు పంపితే, పిల్లల పేర్లు లేకుండా ప్రచురించడానికి మేము సిద్ధం.

దూది ఏకే విల్లులు అటకలెక్కాయి. వాటిని వాయించిన చేతులు కొన్ని ఇంకా ఉన్నాయి. ఈ నెలలో మీ ఇంట్లోని ఎనిమిదో తరగతి పిల్లను ఒకసారి తాత దగ్గర కూర్చోబెట్టండి. నారి బిగిస్తే మోత ఎందుకు మారుతుందో ఆయన్ను అడగమనండి. ఆయన చెప్పిన మాటను మరునాడు బడిలో టీచరుకు చెప్పమనండి.